రాళ్ల దారిలో బండ్ల బారు: మర్యాద వెనుక యంత్రశాస్త్రం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో సియెరా నెవాడా పర్వతాలను అడ్డంగా దాటుకుని లేక్ తాహో సరస్సు పడమటి ఒడ్డుకు చేరే బాటను రూబికాన్ ట్రైల్ అంటారు. చట్టం దృష్టిలో అది రోడ్డే. ఎల్ డొరాడో కౌంటీ పాలకమండలి 1887లోనే దానిని ప్రజామార్గంగా ప్రకటించింది, అప్పట్లో రూబికాన్ స్ప్రింగ్స్ అనే నీటి ఊటల దగ్గర వెలసిన హోటలుకు గుర్రపుబండ్లు ఆ దారినే వచ్చిపోయేవి. హోటలు కాలగర్భంలో కలిసింది, దారిని బాగుచేసేవారు లేకపోయారు, ఏటా మంచు కరిగి పారే నీళ్లు మట్టినంతా కడిగేయడంతో చివరకు మిగిలినవి నడుమెత్తు గ్రానైటు గుండ్లు, వాటి మధ్య ఒక జీపు మాత్రమే పట్టే సందులు. లూన్ లేక్ నుంచి తాహోమా వరకు సుమారు 19 కిలోమీటర్లుండే ఈ కఠినమైన భాగాన్ని దాటడానికి అన్ని హంగులూ ఉన్న బండికైనా తరచు రెండు రోజులు పడుతుంది. 1953 ఆగస్టులో మార్క్ స్మిత్ అనే ఆయన, తోటి జార్జ్‌టౌన్ పట్టణవాసులు 55 జీపులను, 155 మందిని ఒకే బృందంగా ఈ బాటన నడిపించారు. జీపర్స్ జాంబోరీ అనే పేరుతో మొదలైన ఆ యాత్రే నేటి సామూహిక ఆఫ్‌రోడింగుకు, అంటే తారు రోడ్డు వదిలి కొండల్లో, ఇసుకలో, వాగుల్లో బృందాలుగా బండ్లు నడిపే వేడుకకు, ఒరవడి పెట్టింది.

ఇలాంటి దారిలో ఒంటరి బండి దిగబడితే అది అక్కడితో ఆగిపోతుంది, నాలుగు బండ్లు కలిసి వెళితే దిగబడినదాన్ని మిగిలినవి లాగుతాయి. అందుకే ఒంటరిగా వెళ్లవద్దనేది ఈ రంగంలో అందరూ మొదట చెప్పే మాట. అయితే బృందం ఒక ప్రమాదాన్ని తగ్గిస్తూనే మరికొన్నింటిని తెచ్చిపెడుతుంది. వాలు మీద ఒక బండి కింద మరొకటి ఉంటుంది, ముందు బండి లేపిన దుమ్ము వెనుక బండికి కళ్లగంతలవుతుంది, లాగే తాడు చుట్టూ చూసేవారు గుమికూడుతారు, పది మంది పది రకాల సలహాలు అరుస్తారు. ఈ రెండో రకం ప్రమాదాల కోసం ఏర్పడినవే బృంద మర్యాదలు. వాటిని పైకి చూస్తే క్లబ్బు సభ్యుల పెద్దమనిషి తరహా ఒప్పందాల్లా కనిపిస్తాయి కానీ, ఒక్కొక్కదాని అడుగున ఘర్షణ, గురుత్వం, శక్తినిత్యత్వం వంటి భౌతిక నియమం ఏదో ఒకటి ఉంటుంది. కారణం తెలియనివాడు తొందర పడినప్పుడు మర్యాదను పక్కన పెడతాడు, తెలిసినవాడు పెట్టడు.

యాత్ర మొదలయ్యే చోట బండ్లన్నీ ఆగి టైర్లలో గాలి తగ్గించుకోవడం మొదటి ఆచారం. టైరు నేలను తాకే భాగాన్ని అడుగుజాడ అనుకుంటే, దాని వైశాల్యం స్థూలంగా చక్రం మీది బరువును లోపలి గాలి పీడనంతో భాగిస్తే వచ్చేంత ఉంటుంది. రెండు టన్నుల బండికి ఒక్కో చక్రం మీద 500 కిలోల బరువు పడుతుందనుకుంటే, 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం వద్ద అడుగుజాడ దాదాపు 240 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. పీడనాన్ని 15కు దించితే అది ఇంచుమించు రెట్టింపవుతుంది. టైరు పక్కగోడలు కూడా కొంత బరువు మోస్తాయి కనుక లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు గానీ దిశ మాత్రం ఇదే. పెరిగే వైశాల్యంలో ఎక్కువ భాగం వెడల్పులో కాక పొడవులో పెరుగుతుంది, దానితో చక్రం ఇసుకలోకి కోసుకుపోకుండా దాని మీద పరుచుకుని పోతుంది, రాళ్ల మీదయితే రబ్బరు రాయి ఆకారానికి ఒదిగి పట్టు పెంచుకుంటుంది. ఈ రహస్యాన్ని ఎడారిలో శాస్త్రీయంగా వాడుకున్న తొలితరం వారిలో బ్రిటిష్ సైన్యపు ఇంజినీరు రాల్ఫ్ బాగ్నాల్డ్ ముఖ్యుడు. 1920లలో, 30లలో మిత్రులతో కలిసి ఫోర్డు కార్లలో లిబియా ఎడారిని చుట్టివచ్చిన ఆయన, టైర్లలో గాలి తగ్గించడం, దిగబడిన చక్రం కింద ఉక్కు పలకలు పరచడం వంటి ఉపాయాలను ఆ ప్రయాణాల్లోనే రూపుదిద్దాడు. ఆ అనుభవంతోనే 1940లో లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే సైనిక దళాన్ని నిర్మించాడు, 1941లో ఇసుక కదలికల భౌతికశాస్త్రం మీద వెలువరించిన గ్రంథం నేటికీ ఆ రంగానికి మూలగ్రంథం.

గాలి తగ్గించిన టైరుకు రెండు బలహీనతలు ఉంటాయి. తిరిగినప్పుడల్లా ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది కనుక వేగంగా నడపకూడదు, పక్కకు గట్టిగా తిప్పితే రిమ్ము నుంచి ఊడిపోయే వీలుంది కనుక పదునైన మలుపులు తీసుకోకూడదు. అందువల్లనే యాత్ర ముగిశాక కంప్రెసరు ఉన్నవాడు తన టైర్లు నింపుకుని వెళ్లిపోవడాన్ని ఏ బృందమూ సహించదు. చివరి బండి చివరి టైరు నిండేవరకు అందరూ ఆగుతారు. మెత్తని టైర్లతో తారు రోడ్డెక్కి తొంభై కిలోమీటర్ల వేగం అందుకున్న బండికి జరిగే ప్రమాదం కొండలో జరిగేదానికన్నా ఏమాత్రం చిన్నది కాదు.

బారు నడక విషయానికి వస్తే, ముందు దారి తెలిసినవాడు, చివర అనుభవజ్ఞుడు ఉండటం అన్నిచోట్లా వాడుక. చివరి బండి కేవలం కాపలాకు కాదు; లాగే సామగ్రి, మరమ్మతు పనిముట్లు, ప్రథమచికిత్స పెట్టె అందులో ఉంటాయి, ఎందుకంటే చిక్కుకున్న బండిని చేరుకోవడానికి వెనుకనున్నవాడు ముందుకు రాగలడు కానీ ఇరుకు బాటలో ముందువాడు వెనక్కి తిరగలేడు. కొత్తవారిని మధ్యలో ఉంచుతారు. ఇక్కడ అన్నిటికన్నా తెలివైన నియమం ఒకటి ఉంది: ప్రతి డ్రైవరూ తన వెనుక బండికి బాధ్యుడు. అద్దంలో వెనుక బండి కనిపించకపోతే వేగం తగ్గించాలి, దారి చీలే చోట వెనుకవాడు తన మలుపును కళ్లారా చూసేదాకా కదలకూడదు. పది బండ్ల బారులో ఎనిమిదోది పంక్చరై ఆగితే, ఏడోది ఆగుతుంది, అది ఆగినందుకు ఆరోది ఆగుతుంది, అలా ఎవరూ ఎవరినీ పిలవకుండానే కబురు ముందు బండికి చేరుతుంది. ముందువాడిని అంటిపెట్టుకుని పోవాలనే మామూలు తొందర దీనికి సరిగ్గా వ్యతిరేకం. అందులో వెనకబడ్డవాడి సంగతి ఎవరికీ పట్టదు, పైగా దుమ్ములో ముందు బండి బ్రేకు దీపాలు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. రాళ్ల మెట్టు ఒక్కటి దాటడానికి బండికి నాలుగు నిమిషాలు పట్టినా పది బండ్లకు నలభై నిమిషాలవుతుంది కనుక, ఎంత వేగంగా వెళ్లాలో నిర్ణయించేది ముందున్నవాడి ఉత్సాహం కాదు, అందరికన్నా నెమ్మదైన బండి.

అద్దం పని చేయని చోట రేడియో పని చేస్తుంది. అమెరికాలో చాలాకాలం 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని సిటిజన్స్ బ్యాండు రేడియోలదే రాజ్యం, ఇటీవల చాలా బృందాలు స్పష్టత ఎక్కువగా ఉండే జీఎంఆర్‌ఎస్ రేడియోలకు మారాయి. ఏ రేడియో అయినా కొండ అడ్డు వస్తే బలహీనపడుతుంది, ఒకరు మాట్లాడుతుంటే మరొకరు మాట్లాడలేరు. కాబట్టి మాట క్లుప్తంగా ఉండాలి, ముందు బండి చెప్పిన హెచ్చరిక అందినట్టు చివరి బండి బదులివ్వాలి. సినిమా పాటల గురించి చర్చకు వేరే చానల్ చూసుకోవడం మంచిది.

ఎక్కుడు దగ్గర మర్యాద కఠినంగా మారుతుంది. వాలు మీద నిలిచిన బండి బరువులో కొంత భాగం దానిని కిందికి లాగుతుంది, మిగిలిన భాగం టైర్లను నేలకు అదిమి పట్టునిస్తుంది. వాలు పెరిగేకొద్దీ మొదటిది పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. టైరుకు, నేలకు మధ్య ఘర్షణ గుణకం, అంటే అదిమే బలంలో ఎన్నో వంతు పట్టుగా మారుతుందో చెప్పే సంఖ్య, 0.5 అయితే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కూడా సుమారు 27 డిగ్రీలకు మించిన వాలును నిలకడగా ఎక్కలేదు. గులకరాళ్లు, పొడిమట్టి ఉన్నచోట ఆ గుణకం ఇంకా పడిపోతుంది. ఇంజను హార్స్‌పవర్ ఎంతైనా ఈ లెక్కలో దానికి చోటు లేదన్నది చాలామంది కొత్త కొనుగోలుదారులు షోరూములో వినని సంగతి. పైగా జారని టైరుకన్నా జారుతున్న టైరుకు పట్టు తక్కువ, అందుచేత ఒకసారి చక్రాలు గిరగిర తిరగడం మొదలైతే యాక్సిలరేటరు తొక్కడం వల్ల గుంట లోతవుతుందే తప్ప బండి పైకి పోదు.

అలా సగంలో ఆగిన బండికి సురక్షితమైన మార్గం ఒక్కటే ఉంది: రివర్సు గేరులో, క్లచ్ తొక్కకుండా, ఎక్కిన జాడలోనే నేరుగా వెనక్కి దిగడం. పక్కకు తిప్పి దిగాలని చూస్తే బండి వాలుకు అడ్డం తిరుగుతుంది, అప్పుడు బోల్తాను ఆపేది చక్రాల మధ్య ఉండే వెడల్పు మాత్రమే. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని బరువు కేంద్రం ఎత్తుతో పోల్చి చూసే నిష్పత్తిని స్థిర స్థైర్య గుణకం అంటారు. మీటరున్నర వెడల్పు, 70 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న బండికి అది ఒకటికి కాస్త పైన ఉండి, కాగితం మీద 45 డిగ్రీలు దాటేవరకు బోల్తా పడదని చెబుతుంది. వాస్తవంలో పైచక్రం రాయెక్కినా, కిందిచక్రం గుంటలో పడినా, స్ప్రింగులు ఒకవైపు కుంగినా, టాపు మీద డేరాలూ నీళ్ల క్యాన్లూ కట్టినా ఆ కోణం ఎంతో ముందే వచ్చేస్తుంది. ఆగిన బండి నేరుగా వెనక్కి దిగాలంటే వెనుక దారి ఖాళీగా ఉండాలి. ఒక ఎక్కుడు మీద ఒక బండే ఉండాలి, అది పైకి చేరి దారి వదిలేదాకా రెండోది కింద దూరంగా ఆగాలి అనే నియమం పుట్టింది ఇందుకే. ఈ ఒక్కదాన్ని తప్పితే మిగతావన్నీ పాటించినా ప్రయోజనం ఉండదు.

ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్లలో ఎక్కుతున్నదానికే దారి ఇవ్వాలనేదీ ఇటువంటిదే. కిందినుంచి వచ్చేది ఆగితే అందుకున్న ఊపు పోతుంది, జారే నేల మీద మళ్లీ కదలడానికి చక్రాలు తిరిగిపోతాయి. వెనక్కి దిగాల్సి వస్తే ఇంకా చిక్కు: బండ్ల తయారీలో బ్రేకు బలంలో పెద్ద వాటా ముందు చక్రాలకే ఇస్తారు, వాలు మీద వెనక్కి దిగేటప్పుడు బరువంతా వెనుక చక్రాల మీదికి పోవడంతో ఆ ముందు చక్రాలు తేలికై పట్టు కోల్పోతాయి, స్టీరింగు కూడా వాటి చేతిలోనే ఉంటుంది. దిగుతున్న బండి వెనక్కి ఎక్కాల్సి వస్తే ఈ కష్టాలు చాలావరకు ఉండవు. భారతదేశంలో 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నియంత్రణలు కూడా కొండ దారుల్లో ఎక్కే బండికే ప్రాధాన్యం ఇచ్చాయి. ఘాట్ రోడ్లలో లారీ డ్రైవర్లు దానిని చట్టం కన్నా ముందునుంచే పాటిస్తున్నారు.

దిగేటప్పుడు బ్రేకు మీద ఆధారపడకుండా లో రేంజి గేరులో, ఇంజను నిరోధంతో దిగాలి. లో రేంజి అంటే మామూలు గేర్లకు తోడుగా చక్రాల వేగాన్ని మరింత తగ్గించి తిప్పే బలాన్ని ఆ మేరకు పెంచే అదనపు గేర్ల జత. ఈ బాట పేరే పెట్టుకున్న జీప్ రాంగ్లర్ రూబికాన్ నమూనాలో ఆ తగ్గింపు నాలుగింతలు ఉంటుంది, మహీంద్రా థార్‌లో దాదాపు రెండున్నర ఇంతలు. ఇంజను చక్రాలను పట్టి ఉంచితే అవి తిరుగుతూనే ఉంటాయి, తిరిగే చక్రమే స్టీరింగు మాట వింటుంది.

రాళ్ల మధ్య డ్రైవరుకు తన ముందు చక్రం ఆనే రాయి కనిపించదు, బానెట్ దానిని కప్పేస్తుంది. అక్కడ బండి దిగి ఎదురుగా నిలబడి చేతి సైగలతో నడిపించేవాడిని స్పాటర్ అంటారు. ఒక బండికి ఒకే స్పాటర్ ఉండాలనేది ఆఫ్‌రోడింగులో తిరుగులేని మాట. రూబికాన్ ప్రవేశంలోని గేట్‌కీపర్ అనే రాళ్లగుట్ట దగ్గర నిలబడి చూస్తే అందులోని తెలివి అర్థమవుతుంది: కింద ఉన్న స్పాటర్ ఎడమ చక్రాన్ని గుండు మీదికి ఎక్కించమని సైగ చేస్తుంటాడు, గుండు మీద చక్రం పెడితే బండి అడుగుభాగం రాళ్లకు తగలకుండా పైకి లేస్తుంది, సరిగ్గా అదే సమయంలో పక్కన నిలుచున్నవారు రాయి తప్పించమని అరుస్తారు. డ్రైవరు ఎవరి మాట వినాలో తేల్చుకునే అరసెకనులో చక్రం జారి గేరు పెట్టె రాతి మీద పడుతుంది. స్పాటర్ ఎదురుగా నిలబడతాడు కనుక అతని కుడి డ్రైవరుకు ఎడమ అవుతుంది, ఆ తికమక లేకుండా మాటకు బదులు చేయి చూపిన వైపే తిప్పడం వాడుక. స్పాటర్ ఎప్పుడూ బండి జారితే తనమీదికి వచ్చే చోట, బండికీ బండకూ మధ్య నిలబడకూడదు; అతను కనిపించకపోతే డ్రైవరు ఆగాలి. ఆగమనే పిడికిలి సైగ ఒక్కటి మాత్రం బృందంలో ఎవరైనా చేయవచ్చు.

బండి లోపల కూడా కొన్ని అలవాట్లు ఉన్నాయి. ముందు చక్రం రాయికి కొట్టుకున్నప్పుడు స్టీరింగు ఒక్కసారిగా గిర్రున తిరిగి ఊచలకు చిక్కిన బొటనవేలిని విరచగలదు, అందుచేత బొటనవేళ్లను స్టీరింగు అంచు పైనే ఉంచుతారు. బండి నెమ్మదిగా పక్కకు ఒరుగుతున్నప్పుడు చేయి బయటికి చాచి ఆపాలనిపించడం మనిషి సహజ ప్రేరణ. రెండు టన్నుల బరువు కింద ఆ చేయి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బెల్టు పెట్టుకోవాలి, జాకీ, నీళ్ల డబ్బా వంటి బరువులను కట్టేయాలి.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరేది దిగబడిన బండిని లాగే ఘట్టం, ఎందుకంటే ఆఫ్‌రోడింగులో ప్రాణాలు పోయే సందర్భాల్లో ఇదొకటి, పైగా చనిపోయేది తరచు డ్రైవరు కాదు, పక్కన నిలబడి చూస్తున్నవాడు. సాగే నైలాన్ తాడుతో లాగే పద్ధతిలో లాగే బండి తాడును కొంత వదులుగా ఉంచి ముందుకు కదులుతుంది. రెండు టన్నుల బండి గంటకు 15 కిలోమీటర్ల వేగం అందుకుంటే దాని గతిశక్తి సుమారు 17 వేల జౌళ్లు. తాడుకు బదులు ఇనుప చైను కట్టి ఉంటే అది దాదాపు సాగదు. ఆ శక్తినంతా పది సెంటీమీటర్లలో ఆపాల్సి వస్తే సగటు బలం 17 టన్నులు దాటుతుంది, దానికి చైను తెగడమో, కొక్కెం ఊడడమో, ఛాసీ చినగడమో జరగక తప్పదు. తొమ్మిది మీటర్ల నైలాన్ తాడు తన పొడవులో 20 నుంచి 30 శాతం సాగుతుంది, అంటే అదే శక్తిని దాదాపు రెండు మీటర్లు, అంతకు పైగా దూరంలో మెల్లగా నింపుకుంటుంది, బలం రెండు టన్నులకు లోపే ఉంటుంది, ఆ తరువాత రబ్బరు బద్ద వదిలినట్టు దిగబడిన బండిని బయటికి లాగుతుంది.

ప్రమాదమంతా ఆ నిండిన శక్తిలోనే ఉంది. లాగే క్షణంలో తాడు కట్టిన కొక్కెం ఊడితే ఆ శక్తి తాడు చివరనున్న ఇనుప ముక్కకు వస్తుంది. అందులో పదోవంతు మాత్రమే రెండు కిలోల ముక్కకు చేరినా అది గంటకు 150 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది, వెనుక అద్దాన్ని చీల్చుకుని డ్రైవరు తలను తాకడానికి ఆ వేగం చాలు. ట్రైలర్ తగిలించే గుండ్రని టో బాల్‌కు తాడు వేయకూడదని అనుభవజ్ఞులు అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే: ఆ గుండు సన్నని మెడ మీద నిలబడి, నిలకడైన లాగుడుకు తయారైన వస్తువు, కుదుపు బలానికి మెడ దగ్గర విరుగుతుంది, ఆస్ట్రేలియాలో ఇలాంటి మరణాలు సంభవించాక లాగే పట్టీల మీద హెచ్చరిక ముద్రించడం అక్కడి చట్టం తప్పనిసరి చేసింది. రవాణాలో బండిని లారీకి బిగించడానికి ఇచ్చే కమ్మీలు కూడా లాగడానికి పనికిరావు; ఛాసీకి బోల్టులతో బిగించిన, బరువు ముద్ర ఉన్న లాగుడు కొక్కేన్నే వాడాలి.

తాడు మధ్యలో బరువైన దుప్పటినో సంచినో వేస్తే, తెగినప్పుడు ఆ బరువు తాడును కిందికి లాగుతూ ఎగిరే వేగాన్ని కొంత తగ్గిస్తుంది. అది పూర్తి రక్షణ కాదు, ఊడిన ఇనుమును అది ఆపుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అసలు రక్షణ దూరమే. తాడు పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో, తాడు గీతకు ఎదురుగా కాక పక్కగా చూసేవారు నిలబడాలి, లాగేటప్పుడు ఎవరూ తాడు దాటకూడదు, పర్యవేక్షించేవాడు ఒక్కడే ఉండాలి. వీడియో తీయడానికి తాడు దగ్గర చతికిలబడేవాడిని లేపడం కూడా ఈ పర్యవేక్షకుడి పనే, ఈ రోజుల్లో అదే అన్నిటికన్నా కష్టమైన పని. లాగడానికి ముందు చేయాల్సింది మరొకటి: పారతో చక్రాల ముందు మట్టి తీయడం. పది నిమిషాల పార పని అవసరమైన బలాన్ని ఎంతో తగ్గిస్తుంది గానీ, చెమట పట్టే పని కనుక దానికి ముందుకు వచ్చేవారు తక్కువ.

విన్చ్, అంటే బండి ముందు బిగించిన మోటారు డ్రమ్ము మీద తాడు చుట్టుకుంటూ నెమ్మదిగా లాగే యంత్రం, కుదుపులేనిది కనుక సురక్షితమైనదే కానీ దానికీ కొన్ని సంగతులున్నాయి. డ్రమ్ము మీద తాడు పొరలు పెరిగేకొద్దీ వ్యాసార్ధం పెరిగి లాగే బలం తగ్గుతుంది, కాబట్టి పెట్టె మీద రాసిన బలం మొదటి పొరకే వర్తిస్తుంది. కప్పీ వేసి తాడును వెనక్కి తెస్తే వేగం సగమై బలం దాదాపు రెట్టింపవుతుంది. తాడును చెట్టుకు నేరుగా చుడితే అది బెరడును కోసుకుని లోపలి మెత్తని పొరను తెంపుతుంది, చెట్టు ఆహారాన్ని వేళ్లకు దించే నాళాలు, కొత్త కణజాలం పుట్టే పొర అక్కడే ఉండటం వల్ల చుట్టూ కోత పడిన చెట్టు క్రమంగా ఎండిపోతుంది. వెడల్పాటి పట్టీ చుట్టి దానికి తాడు వేయడం అందుకే.

నీటి విషయంలో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. పొంగే వాగును దాటబోయి కొట్టుకుపోయిన ఆటోల, కార్ల వార్తలు ఏటా వానాకాలంలో వస్తూనే ఉంటాయి. కారు అడుగు వైశాల్యం ఆరేడు చదరపు మీటర్లుంటుంది, నీళ్లు అడుగుభాగాన్ని తాకాక లోతు పది సెంటీమీటర్లు పెరిగిన ప్రతిసారీ 600 కిలోలకు పైగా పైకి తోసే బలం పుడుతుంది, అంటే అడుగు పైన ముప్పై సెంటీమీటర్లకే రెండు టన్నుల బండి తేలడం మొదలుపెడుతుంది. తేలిన టైరుకు పట్టు సున్నా. నీటి తోపుడు వేగం వర్గానుసారంగా పెరుగుతుంది కనుక ప్రవాహ వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. బృందం చేసే పని ఇదీ: ముందుగా కర్రతో ఒకరు నడిచి లోతు చూస్తారు, నడవలేని నీళ్లలో బండి దించరు, దించే బండికి లాగే తాడును ఒడ్డు మీదనే కట్టి ఉంచుతారు, ఒకటి ఒడ్డెక్కాకే రెండోది దిగుతుంది. ఎక్కిన బండి నుంచి కారే నీళ్లు ఒడ్డు వాలును జారుడు బండ చేస్తాయి, అందుకని వెనుకనున్నవాడు కాస్త ఆగుతాడు. ఇంజను గాలి గొట్టంలోకి నీళ్లు పోతే సిలిండరులో పిస్టన్ నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో ఆగిన ఇంజనును మళ్లీ స్టార్టు చేయకపోవడమే దాని ప్రాణం కాపాడటం.

ఇంతవరకు చెప్పినవి బండికీ మనిషికీ సంబంధించినవి. దారి కూడా బృందంలో ఒక సభ్యుడే అనే సంగతి రూబికాన్ చరిత్ర నేర్పింది. 2004లో అక్కడి స్పైడర్ లేక్ పరిసరాలను మానవ మలం పేరుకుపోయిన కారణంగా మూసివేయాల్సి వచ్చింది. 2009లో ఆ ప్రాంతపు నీటి నాణ్యత నియంత్రణ మండలి, బాట నుంచి కొట్టుకుపోతున్న మట్టి, కారుతున్న నూనె, మలం వాగులను చెడగొడుతున్నాయంటూ శుద్ధి చేయాల్సిందిగా కౌంటీకి, అటవీ సేవా సంస్థకు ఆదేశం ఇచ్చింది. బాట పూర్తిగా మూతబడే ప్రమాదం ఉండటంతో, ఆఫ్‌రోడింగ్ బృందాలే కోతకు గురైన చోట్ల రాళ్లు పరిచే పనుల్లో స్వచ్ఛందంగా దిగాయి. ఒలికిన నూనెను పీల్చే సామగ్రి, మలాన్ని వెనక్కి తెచ్చుకునే సంచులు వెంట ఉంచుకోవడం బాట నియమాల్లో చేరింది. నూనె పెట్టె పగలడం అక్కడ అరుదేమీ కాదు, పగిలినవాడు చేతులు కట్టుకుని నిలబడటమే సిగ్గుపడాల్సిన విషయం.

జాడ తప్పకూడదనే మర్యాదలో మట్టిశాస్త్రం ఉంది. బండి మొదటిసారి దొర్లినప్పుడే నేల అణగడంలో ఎక్కువ భాగం జరిగిపోతుంది, ఆ తరువాతి బండ్లు చేసే అదనపు నష్టం క్రమంగా తగ్గుతుంది. పది బండ్లు ఒకే జాడలో పోతే ఒక జాడ పాడవుతుంది, బురదగుంట తప్పించడానికి పదీ పక్కనుంచి పోతే పది జాడలు పాడవుతాయి. యూటా రాష్ట్రంలోని మోఆబ్ పట్టణం చుట్టూ, 1967 నుంచి ఏటా ఈస్టర్ జీప్ సఫారీ జరిగే ఎర్రరాతి ఎడారిలో, ఇది ఇంకా తీవ్రంగా కనిపిస్తుంది. అక్కడి ఇసుక మీద నల్లగా గరుకుగా కనిపించే పొర ఒకటి ఉంటుంది. అది సయనోబాక్టీరియా పోగులు, పాచి, లైకెన్లు కలిసి ఇసుక రేణువులను అల్లి కట్టిన జీవపు చర్మం, గాలికి ఇసుక కొట్టుకుపోకుండా ఆపేది, గాలిలోని నత్రజనిని మట్టికి అందించేది అదే. దాని మీద ఒక్క చక్రం దొర్లితే పోగులు తెగుతాయి, తిరిగి అల్లుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. అమెరికా అటవీ సేవా సంస్థ 1985లో ప్రారంభించిన ట్రెడ్ లైట్లీ కార్యక్రమం, 1990 నుంచి స్వతంత్ర సంస్థగా, ఈ విషయాలనే బండివాళ్లకు బోధిస్తోంది.

భారతదేశంలో అమెరికా తరహాలో బండ్లకు కేటాయించిన అటవీ బాటలు లేవు, ఇక్కడ అభయారణ్యంలోకి అనుమతి లేకుండా బండి నడపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మన్ననూరు నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా శ్రీశైలం వెళ్లే రోడ్డు మీద కూడా రాత్రిపూట రాకపోకలు నిషిద్ధం. 2023 డిసెంబరులో హిమాచల్‌లోని లాహౌల్‌లో ట్రాఫిక్ తప్పించుకోవడానికి చంద్రా నదిలో బండి దింపిన వ్యక్తికి పోలీసులు జరిమానా విధించారు. రేడియోల విషయానికి వస్తే, ఇక్కడ 27 మెగాహెర్ట్జ్ సిటిజన్స్ బ్యాండులో తక్కువ సామర్థ్యపు రేడియోలకు, 446 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని చిన్న వాకీటాకీలకు నిర్ణీత పరిమితుల్లో లైసెన్సు అక్కర్లేదు. శాటిలైట్ ఫోన్లను మాత్రం ప్రభుత్వ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం కనుక విదేశాల నుంచి తెచ్చుకున్న పరికరాన్ని స్పితికో లడఖ్‌కో పట్టుకుపోవడం చిక్కులు తెస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో భూముల యజమానుల అనుమతితో, ఎండిన చెరువుల్లో, క్వారీ దారుల్లో చిన్న బృందాలు చేసుకునే యాత్రలకు పైన చెప్పిన నియమాలు యథాతథంగా వర్తిస్తాయి. అదనంగా పంట గట్లు తొక్కకపోవడం, తెరిచిన కంచె తడికను తిరిగి మూయడం, గొర్రెల మంద ఎదురైతే ఇంజను ఆపడం ఇక్కడి మర్యాదలు. తిరిగి బయలుదేరే ముందు తడిసిన బ్రేకులను రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టుకోవాలి, చక్రాల నట్లు పానతో సరిచూసుకోవాలి, టైర్ల గాడుల్లోని, బండి అడుగునున్న బురదను అక్కడే కడిగేయాలి. ఆ బురదలో విత్తనాలుంటాయి. 1950లలో పుణే ప్రాంతంలో కనిపించి దేశమంతా పాకిన వయ్యారిభామ అనే కలుపు జాతిలో ఒక్కో మొక్క వేల విత్తనాలు కాస్తుంది, ఇసుక రేణువంతటి ఆ గింజ టైరు మట్టికి అంటుకుని ఊళ్లు దాటగలదు, కనుక కడిగిన మట్టి వాగులోకి పోకుండా పొలానికీ నీటికీ దూరంగా గట్టి నేల మీద కడగడం మేలు.